ఆర్సీ (రేడియో కంట్రోల్) విమానం ఎగరేయడం ఎంత కష్టమో కొనకముందే తేల్చుకోవడం ఎలా?

సందేహాల సర్వో:

అందరికీ నమస్కారం. పెట్టెల మీద రాసే ‘బిగినర్’, ‘ఇంటర్మీడియట్’ ముద్రల మీద నమ్మకం పోయింది. రెండో ప్రపంచ యుద్ధపు మస్టాంగ్ మోడల్‌నే ఒక షాపు ‘జైరో (కుదుపులను తానే సరిదిద్దే పరికరం) ఉంది, బిగినర్ కూడా ఎగరేయొచ్చు’ అంటుంది, ఇంకో షాపు ‘అడ్వాన్స్‌డ్’ అంటుంది. మన చేతిలో ఒక స్కేలు, ఒక తూకం ఉంటే కష్టాన్ని మనమే లెక్కగట్టే దారి ఉందా?

సిమ్యులేటర్‌లో హైవింగ్ ట్రైనర్‌ను (రెక్క బాడీ పైన ఉండే, నేర్చుకోడానికి వాడే విమానం) లేపి దించడం వచ్చింది. ఆరు ఛానెళ్ల రేడియో ఉంది. ఎగరేసే చోటు హైదరాబాద్ శివార్లలో కోతలైన పొలం, సుమారు 120 × 60 మీటర్లు, ఒక పక్క ఆరు మీటర్ల చెట్ల వరస, నేలంతా వరి కొయ్యలు. నేను చూస్తున్నవి ఇవి:

ఫోమ్‌బోర్డ్‌తో సొంతంగా చేసే హైవింగ్: రెక్క 1 మీటరు, వెడల్పు 18 సెం.మీ., బరువు 550 గ్రా.
ఫోమ్ ట్రైనర్: 1.5 మీ., 33 చదరపు డెసీమీటర్లు, 1.4 కిలోలు.
మోటార్ గ్లైడర్: 2 మీ., 38 చ.డె.మీ., 1 కిలో.
మస్టాంగ్: 1.2 మీ., రెక్క మొదట్లో 24.5 సెం.మీ., చివర 12 సెం.మీ., పెట్టె మీద 1.1 కిలోలు.
64 ఎంఎం ఈడీఎఫ్ జెట్ (ప్రొపెల్లర్ బదులు గొట్టంలో తిరిగే ఫ్యాన్ ఉండేది): 80 సెం.మీ., 12 చ.డె.మీ., 700 గ్రా.
ఈపీపీ (వంగే రకం ఫోమ్) 3డీ విమానం (విన్యాసాలకు వాడేది): 1 మీ., 25 చ.డె.మీ., 450 గ్రా.

వీటిని సులువు నుంచి కష్టానికి ఏ వరసలో పెట్టాలి, ఎందుకు?

బాల్సా బాబాయ్:

మంచి ప్రశ్న. ముందు మస్టాంగ్ బరువు సరిచేద్దాం. పెట్టె మీద వేసే బరువు చాలాసార్లు బ్యాటరీ, రిసీవర్ లేకుండా ఉంటుంది. 3ఎస్ 2200 (మూడు సెల్స్, 2200 ఎంఏహెచ్) బ్యాటరీ ఒక్కటే 180 గ్రాముల చిల్లర. రిసీవర్, దాని తీగలు, వెల్క్రో పట్టీలు కలిపితే అది 1.3 కిలోలతో ఎగురుతుందని లెక్క వేసుకోండి. ఎగిరే స్థితిలో తూచిన బరువు తప్ప వేరేది వాడితే కింది లెక్కంతా దండగ.

ఇక వైశాల్యం. రెక్క సన్నబడుతూ పోతే మొదలు, చివర వెడల్పులు కూడి సగం చేసి పొడవుతో గుణించండి. మధ్యలో బాడీ కప్పేసిన భాగాన్ని తీసేయకండి, అదీ లెక్కే. మస్టాంగ్‌కు సగటు 18.25, పొడవు 120, అంటే దాదాపు 22 చ.డె.మీ. వస్తుంది.

చాలామంది బరువును వైశాల్యంతో భాగించి అక్కడ ఆగిపోతారు. దాన్నే వింగ్ లోడింగ్ అంటాం. మీ మస్టాంగ్‌కు అది చదరపు డెసీమీటరుకు 59 గ్రాములు, ఈడీఎఫ్‌కు 58. ఆ లెక్కన రెండూ ఒకే కష్టం కావాలి. కానీ రెండూ ఎగరేసిన ఎవర్నడిగినా నవ్వుతారు. సైజు తగ్గేకొద్దీ అదే లోడింగ్ ఎక్కువ బాధపెడుతుంది. అందుకే క్యూబ్ లోడింగ్ వాడాలి: వైశాల్యాన్ని చదరపు మీటర్లలోకి మార్చి, దాన్ని దాని వర్గమూలంతోనే గుణించి, వచ్చినదానితో కిలోల బరువును భాగించాలి. ట్రైనర్‌కు 0.33 × 0.574 = 0.19, 1.4ని దానితో భాగిస్తే 7.4. ఈ లెక్కలో సౌకర్యం ఏమిటంటే, అమెరికా వాళ్లు ఔన్సులు, అడుగుల్లో వేసే అంకె కూడా దాదాపు ఇంతే వస్తుంది. కాబట్టి వాళ్ల పట్టికలు మార్చుకోకుండానే వాడుకోవచ్చు.

మీ జాబితాకు వేస్తే: 3డీ 3.6, గ్లైడర్ 4.3, ఫోమ్‌బోర్డ్ 7.2, ట్రైనర్ 7.4, మస్టాంగ్ 12.6, ఈడీఎఫ్ 16.8. పెట్టె మీది 1.1 కిలోలు నమ్మి ఉంటే మస్టాంగ్ 10.7 దగ్గర ఆగి, కాస్త చురుకైన స్పోర్ట్ విమానంలా కనిపించేది. 5 లోపు గాల్లో తేలే రకాలు, 5 నుంచి 8 దాకా నేర్చుకోడానికి పనికొచ్చేవి, 10 వరకు స్పోర్ట్, 10 నుంచి 13 వార్‌బర్డ్‌లు (యుద్ధవిమానాల నమూనాలు). ఆ పైన వేగం తగ్గితే క్షమించనివి. ఈ హద్దులు గీత గీసినట్టేమీ ఉండవు, ఒక పాయింటు అటూ ఇటూ అవుతుంది.

నేనైతే ఈ అంకెకు ఇంకొన్ని పాయింట్లు కలుపుతా. రెక్క చివర వెడల్పు మొదట్లోదాంట్లో 0.6 కంటే తక్కువైతే 2, తోకచక్రం ఉంటే 1, డైహెడ్రల్ (రెక్కలు చివరల వైపు పైకి లేచి ఉండటం) లేకపోతే 1, ఈడీఎఫ్ అయితే 2, రెక్క 90 సెం.మీ. లోపుంటే 1. మస్టాంగ్ 15.6 అవుతుంది, ఈడీఎఫ్ 20 దగ్గరికి పోతుంది.

టిప్ స్టాల్:

బాబాయ్ లెక్క బాగుంది, పాయింట్లు కలపడం దగ్గరే నాకు పేచీ. మస్టాంగ్ ఎందుకు కష్టమో ఆ ‘2’ చెప్పదు.

స్టాల్ వేగం (అంతకంటే తగ్గితే రెక్క విమానాన్ని మోయలేదు) లెక్కకు సులువు సూత్రం ఇది: వింగ్ లోడింగ్ వర్గమూలాన్ని 4.8తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. ట్రైనర్‌కు 31, మస్టాంగ్‌కు 37. మన దగ్గర ఇంకో మెలిక ఉంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. మే నెలలో 40 డిగ్రీల మధ్యాహ్నం గాలి పలచబడి, విశాఖ తీరంలో 25 డిగ్రీల ఉదయం కంటే స్టాల్ వేగం 5–6 శాతం ఎక్కువవుతుంది. వీడియోలో చలిదేశం వాడు నెమ్మదిగా దించాడని మనమూ అంతే నెమ్మదిగా దించబోతే కుదరదు.

31కీ 37కీ తేడా ఆరే కదా, అంత భయం దేనికంటారా? భయం వేగం గురించి కాదు, స్టాల్ అయ్యే తీరు గురించి. ట్రైనర్ రెక్క మొదలు నుంచి చివరి దాకా ఒకే వెడల్పు. స్టాల్ మొదట బాడీ దగ్గర మొదలవుతుంది, ముక్కు మెత్తగా వాలుతుంది, ఎలివేటర్ (ముక్కును లేపి దించే తోక పలక) వదిలేస్తే తేరుకుంటుంది. మస్టాంగ్ రెక్క చివర 12 సెం.మీ. అంత సన్నటి రెక్క తక్కువ వేగంలో మొదట్లో ఉన్న 24 సెం.మీ. అంత లిఫ్ట్ పుట్టించలేదు. రెనాల్డ్స్ సంఖ్య (రెక్క వెడల్పు, వేగాలను బట్టి గాలి ప్రవాహ తీరు చెప్పే అంకె) సగానికి సగం పడిపోతుంది. అందుకని చివరే ముందు చేతులెత్తేస్తుంది. రెండు చివర్లూ ఒకేసారి స్టాల్ కావు కాబట్టి ఒక పక్క రెక్క టక్కున పడి విమానం తిరగబడుతుంది. పది మీటర్ల ఎత్తులో అది జరిగితే చేయగలిగిందేమీ లేదు. వాషౌట్, అంటే రెక్క చివర ముందు అంచును 2 డిగ్రీలు కిందికి తిప్పి అచ్చుపోసిన మోడల్ అయితే ఈ జబ్బు చాలా తగ్గుతుంది. కొనేముందు రెక్కను బల్లమీద పెట్టి చివరి భాగాన్ని పక్క నుంచి చూస్తే మెలిక ఉందో లేదో కనిపిస్తుంది.

మస్టాంగ్‌లు ఎక్కువగా పోయేది ల్యాండింగ్‌కు ముందు చివరి మలుపులో. దించే వేగం స్టాల్‌కు 1.3 రెట్లు ఉండాలని నియమం, అంటే 48. మలుపులో 45 డిగ్రీలు వాల్చితే స్టాల్ వేగం 1.19 రెట్లయి 44కు చేరుతుంది. మీకు మిగిలింది నాలుగు కిలోమీటర్లు. 60 డిగ్రీలు వాల్చి ఎలివేటర్ లాగితే 52, అంటే అప్పటికే స్టాల్ అయిపోయినట్టే. గాలి వెనక నుంచి వీస్తుంటే విమానం నేలమీది లెక్కలో వేగంగా కనిపిస్తుంది, ‘ఎక్కువ వేగంలో ఉన్నాం’ అనుకుని థ్రాటిల్ (మోటార్ బలం) తగ్గిస్తారు. కథ అక్కడితో సరి.

వార్‌బర్డే కావాలనుకుంటే మొదటిది టీ-28 ట్రోజన్ తీసుకోండి. మూడు చక్రాలు, ముక్కుచక్రం ముందు, వెనక చక్రాల మధ్య వెడల్పు ఎక్కువ, రెక్కకు డైహెడ్రల్ కూడా ఉంది. స్పిట్‌ఫైర్, మెసర్‌ష్మిట్ 109 లాంటివి దీనికి పూర్తిగా ఎదురు. చక్రాలు దగ్గర దగ్గరగా ఉండి గడ్డిలో ఒక పక్కకు ఒరిగిపోతాయి.

గోదారి గ్లైడర్:

బాబాయ్, మీ పాయింట్ల పద్ధతిలో 3డీ విమానానికి ఎంత వచ్చిందో చూశారా? 3.6కు డైహెడ్రల్ లేనందుకు ఒకటి కలిపితే 4.6. అంటే ట్రైనర్ కంటే సులువు! కొత్తవాళ్లకు దాన్ని ఇస్తే ఏమవుతుందో మీకూ తెలుసు.

కష్టం ఒకే గీత మీద ఉండదు, రెండు వేర్వేరు సంగతులు. ఒకటి, తక్కువ వేగంలో విమానం ఎంత క్షమిస్తుంది. రెండు, మీరు స్టిక్ వదిలేస్తే అది ఏం చేస్తుంది. ట్రైనర్ వదిలేస్తే తనంతట తాను సర్దుకుంటుంది. 3డీది ఎటు వాల్చి వదిలితే అటే వాలి ఉంటుంది, తిరగేసి వదిలితే తలకిందులుగానే పోతుంది. పైగా దాని సీజీ (బరువు తూగే కేంద్రం) ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో 33–35 శాతం దాకా వెనక, కంట్రోల్ కదలిక 40 డిగ్రీలు. అది మొదటి విమానంగా వద్దు గానీ, కదలిక 12–15 డిగ్రీలకు కట్టేస్తే మస్టాంగ్ కంటే చాలా మంచి రెండో విమానం. 20 కిలోమీటర్ల వేగంలో స్టాల్ అయ్యేది, ఈపీపీ కాబట్టి పడ్డా వంగుతుంది, విరగదు. గాలి పదికి మించితే మాత్రం గాలిపటమే.

అంకెల్లో పట్టుకోవాల్సిన ఇంకో సంగతి: మీకెన్ని సెకన్లు దొరుకుతాయి? 80 సెం.మీ. జెట్ 80 మీటర్ల దూరంలో కంటికి ఎంత ఉంటుందో, 1.5 మీటర్ల ట్రైనర్ 150 మీటర్ల దూరంలో అంతే. జెట్ గంటకు 80 పోతుంటే ఆ దూరం మూడున్నర సెకన్లలో అయిపోతుంది. ట్రైనర్ 50లో పోతుంటే దాదాపు పదకొండు సెకన్లు. ‘ఇది నావైపు వస్తోందా, అటు పోతోందా’ అని తేల్చుకోడానికి మీకున్న సమయం అదే. బూడిదరంగు జెట్ అయితే మన పొగమంచు ఆకాశంలో ఆ 80 మీటర్లు కూడా ఉండదు. రెక్క కింద ముదురు రంగు పట్టీలు, పైన లేత రంగు వేస్తే చాలా తేడా వస్తుంది.

గ్లైడర్‌కు బాబాయ్ 4.3 వేశారు, గాల్లో ఆ అంకె నిజమే. కానీ ఆ పొలంలో దించడం చూడండి. ఆరు మీటర్ల చెట్లు దాటి రావాలి. ట్రైనర్ ఒక మీటరు దిగడానికి సుమారు 8 మీటర్లు ముందుకు పోతుంది, అంటే చెట్ల తర్వాత 48 మీటర్లు. రెండు మీటర్ల గ్లైడర్ 15 మీటర్లు పోతుంది, అంటే 90. నేల దగ్గర అది ఇంకా తేలుతుంది. 120 మీటర్ల పొలం చాలదు, అవతలి గట్టు తగులుతుంది. రెండు ఎయిలెరాన్లనూ (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) ఒకేసారి పైకి లేపే మిక్స్ పెట్టుకుంటే దిగడం నిటారవుతుంది. దానికి ఎయిలెరాన్లకు చెరో సర్వో (పలకను కదిపే చిన్న మోటార్), చెరో ఛానెల్ ఉండాలి. ఒకే సర్వో అయితే ఆ దారి మూసుకుపోయినట్టే. ఇది స్పెసిఫికేషన్ కాగితంలో చూసుకోవాల్సిన సంగతి.

నేల గురించి ఎవరూ అనలేదు. వరి కొయ్యల్లో చిన్న చక్రాలు దొర్లవు. ట్రైనర్‌ను చక్రాలు తీసేసి చేతితో విసరొచ్చు, పొట్టమీద దించొచ్చు. మస్టాంగ్‌ను విసిరితే ఆ క్షణంలో వేగం 37 దాటాలి. దాటకపోతే మోటార్ టార్క్‌కు (తిరుగుడు బలానికి) ఎడమ రెక్క వాలి నేలకొస్తుంది. ఈడీఎఫ్ చక్రాలతో లేవాలంటే సిమెంటో తారో కావాలి. మట్టిలో అయితే ఫ్యాన్ చిన్న రాళ్లను లోపలికి లాక్కుని బ్లేడ్లు పోగొట్టుకుంటుంది.

శివార్లు అన్నారు కాబట్టి ఒక మాట. దుండిగల్, హకీంపేట, బేగంపేట, శంషాబాద్, ఎటు పోయినా ఏదో ఒక రన్‌వే ఉంది. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపేది) మీ పొలం ఏ జోన్‌లో ఉందో ముందు చూడండి.

సందేహాల సర్వో:

చాలా థ్యాంక్స్ అండీ. జాబితాలోంచి మస్టాంగ్, జెట్ కొట్టేశా. రెండు ప్రశ్నలు మిగిలాయి. ఫోమ్‌బోర్డ్‌దీ, 1.5 మీటర్ల ట్రైనర్‌దీ క్యూబ్ లోడింగ్ దాదాపు ఒకటే. మరి 550 గ్రాములదానికి ఖర్చు తక్కువ కదా, దానితోనే మొదలుపెట్టొచ్చా? రెండోది, జైరో పెడితే ఈ కష్టం ఎంత తగ్గుతుంది?

ఎక్స్‌పో ముప్పై:

ఫోమ్‌బోర్డ్‌దానికి స్టాల్ వేగం 26–27, ట్రైనర్‌కు 31. దించడం ఫోమ్‌బోర్డ్‌దే సులువు. కానీ గాలి పెరిగితే చిన్నది ముందు అల్లాడుతుంది. నేను పాటించే కొలత: కొత్తవాళ్లకు గాలి వేగం స్టాల్ వేగంలో మూడో వంతు మించకూడదు. అంటే దీనికి 9, ట్రైనర్‌కు 10. అది తెల్లవారాక ఓ రెండు గంటలే దొరుకుతుంది. ఎండెక్కాక థర్మల్స్ (పైకి లేచే వేడిగాలి) మొదలై రెక్కను ఒక పక్క లేపుతాయి.

సొంతంగా చేసేదాంట్లో అసలు కష్టం డిజైన్‌ది కాదు, మీరు కట్టే తీరుది. మూడు చోట్ల తప్పు జరుగుతుంది. ఎండలో పెడితే రెక్క మెలిపడుతుంది. వెనక నుంచి చూస్తే రెండు చివర్లు ఒకే కోణంలో ఉండాలి, 2 డిగ్రీల తేడా వచ్చినా ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. రెండోది మోటార్ కోణం. 2212 1000 కేవీ మోటారు, 3ఎస్ మీద, 10 × 4.5 అంగుళాల ప్రొపెల్లర్‌తో 550 గ్రాముల విమానానికి బలం ఎక్కువే, 800 గ్రాముల దాకా లాగుతుంది. థ్రాటిల్ తెరిస్తే ముక్కు పైకి లేస్తుంది. మోటార్ కిందికి 3 డిగ్రీలు, కుడికి 2 డిగ్రీలు వాల్చి బిగించండి. మూడోది సీజీ. 18 సెం.మీ. వెడల్పు రెక్కకు ముందు అంచు నుంచి 4.5 నుంచి 5.4 సెం.మీ. మధ్య రావాలి. మొదటిసారి 4.5 దగ్గరే ఉంచండి. ముక్కు బరువైతే మొండిగా ఎగురుతుంది. తోక బరువైతే ఎలివేటర్ వేలు తగిలినా ఎగిరిపడుతుంది, కొత్త చేతికి నిలవదు. ట్రైనర్ లాంటి సులువు విమానాన్ని మస్టాంగ్ కంటే కష్టం చేయడానికి సీజీ ఒక సెంటీమీటరు వెనక్కి జరిగితే చాలు. అతికించేటప్పుడు మామూలు సూపర్ గ్లూ థర్మాకోల్ జాతి ఫోమ్‌ను తినేస్తుంది, హాట్ గ్లూ వాడండి.

కదలికలు: ట్రైనర్‌కు ఎయిలెరాన్ పైకి 12 మి.మీ., కిందికి 7. రెండూ సమానంగా పెడితే కిందికి దిగినది ఎక్కువ డ్రాగ్ (గాలి అడ్డు) పుట్టించి, ముక్కును మలుపుకు ఎదురుదిక్కుకు లాగుతుంది. ఎలివేటర్ 10–12, రడ్డర్ (తోక మీది నిలువు పలక) 20, ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందనను మెత్తబరిచే సెట్టింగ్) 30 శాతం. కొన్ని రేడియోల్లో మైనస్ 30 పెడితేనే మధ్యలో మెత్తబడుతుంది, ప్లస్ పెడితే ఇంకా దూకుడవుతుంది. స్క్రీన్ మీది గీత మధ్యలో చదునుగా ఉందో లేదో చూడండి.

జైరో గాలి కుదుపులను బాగా తగ్గిస్తుంది, సెల్ఫ్ లెవెల్ మోడ్ దిక్కు తోచనప్పుడు కాపాడుతుంది. స్టాల్‌ను మాత్రం ఆపదు. చాలాసార్లు చెడగొడుతుంది కూడా. రెక్క వాలితే అది వెంటనే ఆ పక్క ఎయిలెరాన్‌ను కిందికి దించుతుంది. అప్పటికే స్టాల్ అంచున ఉన్న రెక్క చివరకు కోణం ఇంకా పెరుగుతుంది, పూర్తిగా పడిపోతుంది. అందుకే ‘జైరో ఉంది కాబట్టి బిగినర్ మస్టాంగ్’ అన్న మాట చెల్లదు. పెట్టుకుంటే దిక్కు సరిచూడండి: విమానాన్ని కుడికి వాల్చితే కుడి ఎయిలెరాన్ కిందికి, ముక్కు వంచితే ఎలివేటర్ పైకి కదలాలి. తిరగబడి ఉంటే విసిరిన రెండు సెకన్లలో పని అయిపోతుంది.

నా ఓటు: ఖర్చు సమస్య అయితే ఫోమ్‌బోర్డ్, లేకపోతే 1.5 మీటర్లది.

బాల్సా బాబాయ్:

గోదారి గ్లైడర్ గారు అన్న మాట నిజమే, 3డీకి నా పాయింట్లు పనిచేయవు. ‘స్టిక్ వదిలితే ఏం చేస్తుంది’ అన్నదానికి వేరే గడి పెట్టుకుందాం.

ఒక హెచ్చరిక. ఈ లెక్క చూసి ఎవరో పైపర్ కబ్ కొంటారు. హైవింగ్, అంకె 7 దగ్గర, అన్నీ బాగుంటాయి. కానీ దానికి తోకచక్రం, పొడవాటి రెక్క, మలుపులో ముక్కు ఎదురుపక్కకు పోయే గుణం. ఎయిలెరాన్‌తో పాటు రడ్డర్ కలపడం రాని చేతిలో అది వంకర టింకరగా పోతుంది, లేచేటప్పుడు థ్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే ఎడమకు గిర్రున తిరుగుతుంది. మొదటి విమానం కాదు, రెండోదీ కాదు.

సర్వో గారూ, ఏది కొన్నా మొదటి రోజు ఈ పరీక్ష చేయండి. యాభై మీటర్ల ఎత్తులో, గాలికి ఎదురుగా, థ్రాటిల్ పూర్తిగా తీసేసి ఎలివేటర్‌ను నెమ్మదిగా లాగుతూ పోండి. ముక్కు తిన్నగా వాలిందా, ఒక రెక్క పడిందా చూడండి. తేరుకోడానికి ఎంత ఎత్తు పోయిందో కూడా చూడండి. రెండోసారి 30 డిగ్రీల మలుపులో అదే చేయండి. తిన్నగా వాలి, పది మీటర్ల లోపు తేరుకుంటే దాన్ని మీ పొలంలో దించొచ్చు. రెక్క పడుతుంటే సీజీ 5 మి.మీ. ముందుకు జరిపి, ఎలివేటర్ పైకి కదలికను పావు వంతు తగ్గించి మళ్లీ చూడండి. బ్యాటరీని ఒకటి రెండు సెంటీమీటర్లు జరిపితే 5 మి.మీ. వచ్చేస్తుందనుకోకండి. 1.4 కిలోల విమానంలో 180 గ్రాముల బ్యాటరీని దాదాపు 4 సెంటీమీటర్లు జరపాలి.